పాత థండర్‌బర్డ్ 350కి కొత్త బ్యాటరీ: ఏది కొనాలి, కొనేముందు ఏం కొలవాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు తిరిగి చెబుతాను. మీది 2013 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 మోటారుసైకిల్, తిరిగినది అరవై వేల కిలోమీటర్ల పైమాట. ఇప్పుడున్న బ్యాటరీకి మూడేళ్లు నిండాయి. ఉదయంపూట సెల్ఫ్ బటన్ నొక్కితే రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) టక్కుమంటుందే తప్ప ఇంజన్ తిరగడం లేదు, కాసేపు కిక్‌తో తంటాలు పడితే లేస్తోంది. హన్మకొండలో మూడు దుకాణాలు తిరిగితే ఒకరు లిథియం వేసుకోమన్నారు, ఒకరు 18 ఏహెచ్ (ఆంపియర్ గంటలు, బ్యాటరీ నిల్వకు కొలమానం) పెద్దది వేస్తే జన్మలో సమస్య రాదన్నారు, మూడో ఆయన కిక్ ఉంది కదా, 9 ఏహెచ్ చిన్నది చాలన్నారు. జూన్‌లో మనాలి మీదుగా లేహ్ వెళ్లాలని మీ ఆలోచన. పాత బ్యాటరీని స్పేర్‌గా వెంట పెట్టుకోవచ్చా అని చివర్లో అడిగారు.

నేరుగా జవాబు ఇది. మీ బండికి కంపెనీ ఇచ్చిన కొలతలోనే, అంటే 12 వోల్టులు, 14 ఏహెచ్‌లో, సీలు వేసిన, నీళ్లు పోసే పని లేని వీఆర్‌ఎల్‌ఏ రకం బ్యాటరీ కొనండి. తయారైన నెల చూసి, ఆరు నెలలకు మించి పాతబడనిది తీసుకోండి. లిథియం మీ ప్రయాణానికి అనువైనది కాదు, 18 ఏహెచ్ అవసరం లేదు, 9 ఏహెచ్ పొరపాటు. అయితే వీటన్నిటికంటే ముందు, ఉన్న బ్యాటరీ నిజంగా వయసు మీరి పోయిందా, లేక దాన్ని ఇంకేదైనా చంపుతోందా అన్నది తేల్చుకోవాలి. ఆ రెండో ప్రశ్న అడగకుండా కొత్త బ్యాటరీలు కొన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

నేను పదహారేళ్లుగా ఇదే కుటుంబపు ఇంజన్ల మీద తిరుగుతున్నాను. నా సొంత బండి 2012 చివర్లో వచ్చిన థండర్‌బర్డ్, అంటే ప్రొజెక్టర్ దీపం, ఇరవై లీటర్ల ట్యాంకు ఉన్న తరం. మా బృందంలో ఇలాంటివి ఐదారు ఉన్నాయి, వాటి వైరింగు పని చాలావరకు నా చేతిమీదుగానే జరిగింది. వృత్తిరీత్యా మెకానిక్‌ను కాను, విద్యుత్ శాఖ నుంచి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాబట్టి మీటరు చేతిలో లేకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు.

ముందు మూడు కొలతలు తీసుకోండి. ఐదారు వందలకు దొరికే మల్టీమీటరు చాలు. రాత్రి బండి ఆపి, కనీసం ఆరేడు గంటలు కదపకుండా వదిలి, ఉదయం తాళం పెట్టకముందే బ్యాటరీ కొనల (టెర్మినళ్ల) మధ్య వోల్టేజి చూడండి. 12.7 లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 దగ్గర ఉంటే ముప్పావు వంతు, 12.2 దగ్గర ఉంటే సగం, 12కు దిగితే దాదాపు ఖాళీ అని లెక్క. ఇది మొదటి కొలత. రెండోది, ఎవరినైనా సెల్ఫ్ నొక్కమని చెప్పి, నొక్కుతున్న ఆ రెండు మూడు క్షణాల్లో వోల్టేజి ఎంతకు పడిపోతోందో చూడండి. 10కి పైన నిలబడితే బ్యాటరీ ఆరోగ్యంగానే ఉంది, లోపం స్టార్టర్ వైపో, రిలే వైపో, వైర్ల వైపో వెతకాలి. విశ్రాంతిలో 12.6 చూపించి, సెల్ఫ్ నొక్కగానే 8కో 7కో కూలిపోతే ఆ బ్యాటరీ లోపల చచ్చిపోయినట్టే, ఎంత ఛార్జ్ చేసినా తిరిగి రాదు. మూడోది, ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్ వేసి, థ్రాటిల్ కొంచెం పెంచి మధ్యస్థ వేగంలో పట్టుకుని చూడండి. 13.8కీ 14.5కీ మధ్య ఉండాలి. 13కు లోపలే ఆగిపోతే ఛార్జింగ్ అందడం లేదు. 15 దాటిపోతే రెక్టిఫైయర్ (ఇంజన్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి అదుపు చేసే భాగం) అదుపు తప్పి బ్యాటరీని ఉడకబెడుతోంది. ఈ రెండు సందర్భాల్లోనూ మీరు కొనే కొత్త బ్యాటరీ పాతదాని దారిలోనే పోతుంది.

ఈ మూడో కొలతను నేను ఎందుకు పట్టుకుని వేలాడతానో ఒక అనుభవం చెబితే తెలుస్తుంది. విశాఖలో ఉండే మా మిత్రుడొకరు పద్దెనిమిది నెలల్లో మూడు బ్యాటరీలు మార్చారు. ప్రతిసారీ దుకాణంవాళ్లు వేరే కంపెనీ పేరు చెప్పి, మునుపటిది నాసిరకమని తేల్చేశారు. అరకు వెళ్లే దారిలో నాలుగోసారి బండి ఆగినప్పుడు నేను మీటరు పెట్టి చూస్తే, ఎంత థ్రాటిల్ ఇచ్చినా 12.9 దాటలేదు. రెక్టిఫైయర్‌కు వెళ్లే కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) విప్పితే, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగి ఉంది. పిన్ను వదులై, వేడెక్కి, ఆ వేడికి మరింత వదులై, కాలక్రమంలో కరెంటు దాటడమే కష్టమైపోయింది. ఆ ఒక్క కప్లర్‌ను కోసి, మంచి పిన్నులు నొక్కి, కొత్తది వేశాం. అదే నాలుగో బ్యాటరీ నాలుగేళ్లు నడిచింది. మీ బండి వయసుకు ఈ కప్లర్‌ను ఎలాగూ ఒకసారి విప్పి చూడాల్సిందే, కొలతలు బాగా వచ్చినా సరే.

ఇంకొక దొంగ కూడా ఉంటాడు. బండి ఆపి ఉన్నప్పుడు కరెంటు తాగే జీపీఎస్ ట్రాకర్, అలారం, తాళంతో పనిలేకుండా నేరుగా బ్యాటరీకి కట్టిన మొబైల్ ఛార్జర్ వంటివి. లెక్క చాలా తేలిక. 14 ఏహెచ్ బ్యాటరీ మీద 20 మిల్లీఆంపియర్ల భారం నిరంతరం ఉంటే 700 గంటల్లో, అంటే సుమారు 29 రోజుల్లో బ్యాటరీ మొత్తం ఖాళీ అవుతుంది. సెల్ఫ్ కొట్టలేని స్థితి దానికి చాలా ముందే, రెండు వారాలకే వస్తుంది. అదే 3 మిల్లీఆంపియర్లయితే ఆరు నెలల పైన పడుతుంది. తాళం తీసేసి, నెగెటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీ కొనకూ మధ్య మీటరును ఆంపియర్ల స్థానంలో పెడితే ఈ భారం ఎంతో కనబడుతుంది. మీటరు అలా ఉన్నప్పుడు మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కవద్దు, మీటరులోని ఫ్యూజు ఎగిరిపోతుంది. నేను రెండుసార్లు ఎగరగొట్టాను కాబట్టి చెబుతున్నాను.

కొలతలన్నీ బ్యాటరీనే వేలెత్తి చూపాయనుకుందాం. మూడేళ్ల వయసుకు, మన ఎండలకు, అందులో వింతేమీ లేదు. సీసం-ఆమ్లం బ్యాటరీకి చలికంటే వేడి పెద్ద శత్రువు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. చలి బ్యాటరీని చంపదు, వేసవి చేసిన నష్టాన్ని బయటపెడుతుంది, అంతే. రామగుండంలోనో కొత్తగూడెంలోనో మే నెలంతా ఎండలో నిలబెట్టిన బండి డిసెంబరు ఉదయం మొరాయిస్తే, తప్పు డిసెంబరుది కాదు.

ఇక సైజు సంగతి. పాత బ్యాటరీ మీద చూస్తే 14ఎల్-ఏ2 అనే అక్షరాలు ఉండాలి, ముందు కంపెనీని బట్టి ఏవో అక్షరాలు మారుతుంటాయి. ఆ కోడుకు ప్రామాణికమైన కొలతలు పొడవు 134, వెడల్పు 89, ఎత్తు 166 మిల్లీమీటర్లు. కోడులోని ఎల్ అన్న అక్షరం చిన్నదిగా కనిపించినా అసలు ప్రాణం అక్కడే ఉంది, ఎందుకంటే పాజిటివ్ కొన ఏ పక్కన ఉందో చెప్పేది అదే. ఎల్ లేని 14-ఏ2 కొలతల్లో అచ్చం ఇలాగే ఉంటుంది, బండిలోని బ్యాటరీ పెట్టెలో చక్కగా కూర్చుంటుంది, కానీ కొనలు తారుమారుగా ఉంటాయి. వైర్లు అందడం లేదని లాగి, వంచి, ఎరుపు నలుపు తారుమారు చేసి బిగించిన ఒక బండిని నేను స్వయంగా చూశాను. ఫ్యూజు ముందే కాలిపోయి ఉంటే అదృష్టం, వాళ్ల విషయంలో రెక్టిఫైయర్ కూడా పోయింది. కాబట్టి దుకాణానికి వెళ్లేటప్పుడు పాత డబ్బాను చేతిలో పట్టుకెళ్లండి, లేదా కనీసం పైనుంచి, ముందునుంచి రెండు ఫొటోలు తీసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి కొనలు సరిచూసుకోండి. మీ బండికి ఎవరైనా ఇంతకుముందే వేరే కొలత బ్యాటరీ వేసి ఉండే అవకాశం కూడా ఉంది కనుక, డబ్బా మీద కోడు వేరేగా కనిపిస్తే పెట్టె లోపలి కొలతను టేపుతో తీసుకోవడం మేలు.

ఏహెచ్ అంటే ఏమిటో కూడా ఒక మాట. మోటారుసైకిల్ బ్యాటరీలకు ఈ అంకెను పది గంటల లెక్కన ఇస్తారు, అంటే 14 ఏహెచ్ బ్యాటరీ 1.4 ఆంపియర్లను పది గంటలపాటు ఇవ్వగలదని అర్థం. సెల్ఫ్ కొట్టడానికి కావలసింది ఈ నిదానపు సామర్థ్యం కాదు, రెండు మూడు సెకన్లపాటు ఒక్కసారిగా పెద్ద ప్రవాహం ఇచ్చే శక్తి. కానీ ఒకే రకం నిర్మాణంలో ఏహెచ్ తగ్గితే లోపలి పలకల వైశాల్యం తగ్గుతుంది, దాంతో ఆ పెద్ద ప్రవాహమూ తగ్గుతుంది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న 346 సీసీ ఒంటి సిలిండర్‌ను, చలికి చిక్కబడిన నూనెలో, కంప్రెషన్ దాటించడం 9 ఏహెచ్ చిన్న బ్యాటరీకి మోయలేని బరువు. కొత్తలో కొన్ని నెలలు బాగానే కొడుతుంది, మొదటి చలికాలానికే చేతులెత్తేస్తుంది.

కిక్ ఉంది కదా అన్నమాట మీద నాకు అభ్యంతరం ఉంది. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ల కాలంలో పుట్టిన ధైర్యం అది. మీ తరం ఇంజన్‌లో స్పార్కు ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టెకు బ్యాటరీ నుంచే కరెంటు వెళుతుంది, కాబట్టి బ్యాటరీ బొత్తిగా పడిపోతే కిక్‌కు కూడా బండి సులభంగా లేవదు. మీరు ఉదయం కాసేపు తంటాలు పడుతున్నానని రాశారు, ఆ తంటా వెనుక ఇదే ఉండవచ్చు. కిక్ అనేది సెల్ఫ్ మోటారు పాడైతే ఆదుకునే దారి మాత్రమే, బ్యాటరీ లేని లోటును అది తీర్చదు.

పెద్దది వేస్తే ఛార్జింగ్ సరిపోదు, కాయిల్ కాలిపోతుంది అని కొందరు భయపెడతారు. అది పూర్తిగా నిజం కాదు. బ్యాటరీ నుంచి మీరు ఎంత వాడారో అంతే తిరిగి నింపాలి, డబ్బా పెద్దదైనంత మాత్రాన రోజువారీ ఖర్చు పెరగదు. సెల్ఫ్ కోసం 100 ఆంపియర్లు మూడు సెకన్లు లాగినా అయ్యే ఖర్చు ఒక ఏహెచ్‌లో పదో వంతు కూడా కాదు, కొద్ది నిమిషాల ప్రయాణంలో అది తిరిగి నిండిపోతుంది. పెద్దదానితో అసలు చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, అది పెట్టెలో పట్టదు. పట్టించడానికి పెట్టె అంచు కోస్తారు, రబ్బరు పట్టీ తీసి జిప్‌టైతో కడతారు, ఆ ఒంటి సిలిండర్ అదురుకు అది రోజూ గిలకలా కొట్టుకుంటుంది. రెండోది, ఒకసారి బాగా ఖాళీ అయితే తిరిగి నిండటానికి ఎక్కువ సమయం పడుతుంది, ఊళ్లో చిన్న ప్రయాణాలు చేసేవాళ్లకు అది ఎప్పటికీ సగం నిండినట్టే ఉండిపోతుంది. సగం నిండి నెలల తరబడి ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ మేరకు సామర్థ్యం శాశ్వతంగా పోతుంది.

బండికి ఎక్కువ దీపాలు తగిలించుకున్నవాళ్లకే పెద్దది కావాలనిపిస్తుంది, కానీ వాళ్ల సమస్యకు బ్యాటరీ మందు కాదు. హెడ్‌లైట్ 55 వాట్లు అనుకుంటే దానికే నాలుగు ఆంపియర్లు పోతాయి. ఇరవై వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు కలిస్తే మరో మూడు, ఫోను ఛార్జర్‌కు ఒకటి. ట్రాఫిక్‌లో ఇంజన్ నిదానంగా తిరుగుతున్నంతసేపూ ఇదంతా బ్యాటరీ జేబులోంచే పోతుంది. మీ బండి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉండాలన్న 2017 నిబంధనకు ముందుది కనుక హెడ్‌లైట్ ఆర్పే స్విచ్ ఉంటుంది. పగలు ఊళ్లో దాన్ని వాడుకోండి, అదనపు దీపాలను రిలే ద్వారా తాళంతో కలిసి ఆరిపోయేలా కట్టించుకోండి.

వీఆర్‌ఎల్‌ఏ ఎందుకు, పాత రకం నీళ్ల బ్యాటరీ ఎందుకు వద్దు? నీళ్ల రకం చెడ్డదేమీ కాదు. ధర తక్కువ, రెండు గీతల మధ్య డిస్టిల్డ్ వాటర్ మట్టం చూస్తూ శ్రద్ధగా పోసేవాడి చేతిలో మంచి ఆయుష్షు ఇస్తుంది. కొంచెం ఎక్కువ ఛార్జింగ్‌ను కూడా ఓర్చుకుంటుంది, నీళ్లు ఆవిరైతే మళ్లీ పోసుకోవచ్చు. కానీ సామాను కట్టుకుని పది పదిహేను రోజులు తిరిగే బండి మీద దానికి మూడు కష్టాలున్నాయి. బండి పడితే ఆమ్లం కారుతుంది. గాలి గొట్టం ఎక్కడో నలిగితే లోపలి వాయువు దారి వెతుక్కుంటూ ఆమ్లపు తుంపరను క్రోమ్ మీద, చైన్ మీద చల్లుతుంది. మూడోది, అదురు. ద్రవంలో నిలబడి ఉన్న పలకలు ఏళ్ల తరబడి వణికితే వాటి మీది పదార్థం రాలి అడుగున పేరుకుంటుంది, ఒకరోజు రెండు పలకలు కలిసి ఒక గది (సెల్) చచ్చిపోతుంది. అప్పుడు 12.6 ఉండాల్సిన చోట మీటరు 10.5 చూపిస్తుంది. వీఆర్‌ఎల్‌ఏలో పలకల మధ్య గాజునార చాప ఆమ్లాన్ని పీల్చుకుని, పలకలను గట్టిగా అదిమి పట్టి ఉంచుతుంది కాబట్టి రాలడం తగ్గుతుంది, కారడానికి ద్రవం ఉండదు. దీని బలహీనత ఎక్కువ వోల్టేజి. 15 వోల్టులు తగిలితే లోపలి తేమ ఆవిరైపోతుంది, పైనుంచి పోయడానికి దారి లేదు. మూడో కొలత మీద నేను అంత పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

కొనేటప్పుడు డబ్బా మీద వీఆర్‌ఎల్‌ఏ అని రాసి ఉందో లేదో చదవండి. 14 ఏహెచ్‌లో రెండు రకాలూ బజారులో ఉంటాయి, దుకాణంవాళ్లు ఉన్నది ఇచ్చి పంపడం మామూలే. మూతలు ఆరు వరసగా కనిపించి, పక్కన సన్నని గొట్టం ఉంటే అది నీళ్ల రకం.

కంపెనీ సంగతి అందరూ అడుగుతారు కానీ, నా లెక్కలో అది చివరి ప్రశ్న. ఎక్సైడ్ వాడాను, తిరుపతి పక్కన కరకంబాడిలోని అమరరాజావారి అమరాన్ వాడాను, రెండూ నాలుగేళ్ల దాకా వచ్చాయి. మీ ఊళ్లో ఎవరి డీలరు వారంటీ విషయంలో మాట మీద నిలబడతారో వారి దగ్గర కొనండి. వారంటీ కార్డులో ఉచితంగా మార్చి ఇచ్చే కాలం ఎంత, ఆ తర్వాత ధరలో కొంత తగ్గించి ఇచ్చే కాలం ఎంత అన్నది విడివిడిగా చదవండి. దుకాణంవాళ్లు రెండూ కలిపి ఒకే అంకెగా చెబుతారు. అమ్మిన తేదీ, ముద్ర, సంతకం అక్కడే వేయించుకోండి.

కంపెనీకంటే ముఖ్యమైనది తయారీ నెల. ఈ పాఠం నాకు మనాలి-లేహ్ దారిలోని సర్చు గుడారాల్లో దొరికింది. బయలుదేరే రెండు రోజుల ముందు, తొందరలో, తెలిసిన దుకాణమే కదా అని డబ్బా చూడకుండా బ్యాటరీ వేయించుకున్నాను. ఊళ్లో బాగానే కొట్టింది. నాలుగు వేల మీటర్లు దాటిన ఆ ఎత్తులో, రాత్రి నీళ్ల సీసా గడ్డకట్టిన ఉదయం, అది ఒక్కసారి మూలిగి ఊరుకుంది. తర్వాత ఆ డబ్బా మీది కోడును డీలరు చేతనే చదివిస్తే, నేను కొన్ననాటికే దానికి పద్నాలుగు నెలల వయసు. అన్ని నెలలూ గిడ్డంగి వేడిలో, మధ్యలో ఎవరూ ఛార్జ్ చేయకుండా, తనంతట తాను కొంచెం కొంచెం ఖాళీ అవుతూ కూర్చుంది. కాబట్టి తయారీ నెల ఎక్కడ ముద్రించారో చూపించమని అడగండి, చూపించకపోతే మరో దుకాణం చూసుకోండి. డబ్బు ఇవ్వకముందే అక్కడే మీటరు పెట్టించండి. 12.7 పైన ఉంటే తీసుకోండి. 12.5 ఉంటే ఛార్జ్ చేసి ఇమ్మనండి. 12.3 ఉన్నదాన్ని ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

ఛార్జ్ చేయించేటప్పుడు కూడా నిదానం అవసరం. సామర్థ్యంలో పదో వంతు, అంటే 1.4 ఆంపియర్ల దగ్గర ఉంచి చేయాలి. కారు బ్యాటరీలు ఛార్జ్ చేసే పెద్ద యంత్రానికి తగిలించి గంటలో నింపి ఇస్తామంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు లిథియం. మోటారుసైకిళ్లకు వచ్చేవి లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం, 3.2 వోల్టుల గదులు నాలుగు వరసగా ఉంటాయి. బరువు కిలో, కిలోన్నర మధ్య ఉంటుంది, సీసపుది నాలుగైదు కిలోలు. ఊరికే ఉంచితే తనంతట తాను ఖాళీ కావడం చాలా తక్కువ. పోటీల్లో నడిపే బండికి, నెలల తరబడి గ్యారేజీలో ఉండే బండికి నేనూ మెచ్చుకుంటాను. కానీ దాదాపు 190 కిలోల బండి మీద, ఇద్దరు మనుషులు, రెండు సంచుల సామానుతో వెళ్లేటప్పుడు మూడు కిలోలు తగ్గించుకుని మనం సాధించేది ఏమీ లేదు. పైగా సున్నా డిగ్రీల దిగువన ఈ రకం గదులను ఛార్జ్ చేయకూడదు, చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వత నష్టం జరుగుతుంది. మీరు వెళ్లే దారిలో తెల్లవారుజామున బండి లేపగానే రెక్టిఫైయర్ ఆ చల్లటి గదుల్లోకి కరెంటు తోయడం మొదలుపెడుతుంది. లోపల రక్షణ సర్క్యూటు ఉన్న మంచి రకమైతే అది ఛార్జింగ్‌ను ఆపేస్తుంది, లేని చవక రకమైతే దెబ్బతింటుంది. అదీకాక 2013 నాటి పాత రెక్టిఫైయర్ ఒకనాడు 15 వోల్టులకు ఎగబాకితే, సీసపు బ్యాటరీ ఉబ్బి వాసన కొట్టి ముందుగా చెబుతుంది, లిథియంలో రక్షణ సర్క్యూటు ఉన్నట్టుండి తెగిపోయి బండి నడిరోడ్డు మీద ఆరిపోవచ్చు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసే సమాన ఏహెచ్ అంకెను కూడా నమ్మకండి, అది సెల్ఫ్ కొట్టే శక్తిని పోల్చి చెప్పే అంకె, నిజమైన నిల్వ అందులో మూడో వంతు ఉండటం మామూలే. దీపాలు వేసి ఇంజన్ ఆపితే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

బిగించే పని మీరే చేసుకోవచ్చు. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఈ వరస తప్పితే స్పానర్ ఫ్రేముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. వైరు కొనల మీది తెల్లటి, పచ్చటి చిలుమును గోరువెచ్చని నీళ్లలో కలిపిన వంటసోడాతో కడిగి, బాగా ఆరబెట్టి, బిగించాక పైన వాజ్‌లీన్ పూయండి. ఫ్రేముకు కలిసే ఎర్త్ వైరు బోల్టును కూడా విప్పి, గీకి, తిరిగి బిగించండి. రిలే టక్కుమని ఊరుకునే బండ్లలో కొన్నింటికి ఈ ఒక్క బోల్టుతోనే జబ్బు నయమైంది. పెట్టె అడుగున రబ్బరు పలక, పైన పట్టీ రెండూ ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క మడతపెట్టి వేసినా చాలు.

కొత్త బ్యాటరీ వేసిన మర్నాడే మనాలి ప్రయాణం కోసం బండిని రైలెక్కించవద్దు. కనీసం మూడు వారాల ముందే వేసి, ఒకసారి భద్రాచలం దాకానో శ్రీశైలం దాకానో వెళ్లి రండి, వచ్చాక మొదటి కొలతను మళ్లీ తీసుకోండి. లోపమున్న బ్యాటరీ సాధారణంగా ఆ మొదటి వారాల్లోనే బయటపడుతుంది, అప్పుడు మీరు డీలరు ఉన్న ఊళ్లోనే ఉంటారు. లేహ్ దారిలో రాత్రి మకాం వేసినప్పుడు బండిని గాలి తగలని గోడ పక్కన పెట్టి, కవరు కప్పండి. ఉదయం సెల్ఫ్ నొక్కేముందు తాళం వేయకుండా రెండు మూడు సార్లు కిక్‌ను నిదానంగా తొక్కితే చిక్కబడిన నూనె కాస్త కదిలి సెల్ఫ్ మీద భారం తగ్గుతుంది. సెల్ఫ్‌ను ఐదు సెకన్లకు మించి పట్టుకోకండి, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీలో ఆమ్లం ఆ దారిలో ఎదురయ్యే చలికి గడ్డకట్టదు, ఖాళీ అయిన దానిలో మాత్రం ఆమ్లం నీళ్లలా పలచబడి సున్నాకు కొన్ని డిగ్రీల కిందనే గడ్డకట్టి పలకలను పగలగొడుతుంది. అందుకే రాత్రి తాళం మర్చిపోయి దీపం వెలుగుతూ వదిలేయడం అక్కడ ఊళ్లోకంటే పెద్ద పొరపాటు.

పాత బ్యాటరీని స్పేర్‌గా మోయడం గురించి అడిగారు. వద్దు. సెల్ఫ్ కొట్టలేని బ్యాటరీ మైదానంలోనే పనికిరానప్పుడు తంగ్లంగ్ లా కనుమ మీద పనికొస్తుందా? నాలుగైదు కిలోల ఆమ్లపు డబ్బాను బట్టల సంచి పక్కన కట్టుకుని తిరగడం ప్రమాదం కూడా. దాన్ని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చేయండి, ధరలో కొంత తగ్గిస్తారు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం అది తిరిగి శుద్ధికి వెళ్లాల్సిన సరుకు. దాని బదులు ఫోను పవర్‌బ్యాంకు అంత ఉండే జంప్ స్టార్టర్ ఒకటి కొని, రాత్రిపూట దాన్ని బండి మీద వదలకుండా మీ పడక సంచిలోనే పెట్టుకుని పడుకోండి. అందులో ఉన్నదీ లిథియమే, చల్లబడితే అదీ మొరాయిస్తుంది.